పట్నంలో మూడు నెలల పని: ఏ టిక్కెట్టు చవక?

జగిత్యాల: లింగంపేట రైల్వేస్టేషను జగిత్యాల ఊళ్లో లేదు. ఊరు దాటి పోవాలి. అక్కడికి ఆటో మాట్లాడుకుంటే ఆ కిరాయి, లోపలికి పోయి కరీంనగర్‌కు కొనే పాసెంజరు టిక్కెట్టు ఖరీదును మించిపోతుంది. ఈ సంగతి లెక్కలోకి తీసుకోకుండా "రైలైతే చవక" అన్న ఒక్క మాట పట్టుకుని బయలుదేరినవారు నెల తిరిగాక జేబు చూసుకుని నాలుక కరుచుకోవడం మామూలే. రైలు చవకే. అయితే ఎవరికి చవక, ఏ టిక్కెట్టు కొంటే చవక, ఎన్నాళ్ల పనికి చవక అన్నది ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా తేలుతుంది.

ఈ ప్రాంతం నుంచి పట్నానికి తాత్కాలికంగా పోయివచ్చేవారు తక్కువమంది కారు. ఉద్యోగ పరీక్షల కోచింగు కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో గది తీసుకుని మూడు నెలలుండే కుర్రవాళ్లున్నారు. గల్ఫ్‌కు పోయే ముందు వైద్య పరీక్షలని, వీసా కాగితాలని నాలుగైదుసార్లు తిరిగే కోరుట్ల, మెట్‌పల్లివారున్నారు. మగ్గాల పని మందగించినప్పుడు రెండు నెలలు వేరే కూలికి పోయే సిరిసిల్ల నేతకార్మికులున్నారు. వీరందరికంటే బరువైన ప్రయాణం, పెద్దాసుపత్రిలో చికిత్సకు వారం వారం పోవలసి వచ్చే రోగులది. వీరిలో ఎవరికీ సంవత్సరం పొడుగునా పట్నంలో పనిలేదు. అందుకే రోజూ ఆఫీసుకు పోయేవారి లెక్క వీరికి సరిపోదు.

దారి చుట్టు, చుట్టుకో ధర

మొదట దారి సంగతి తెలియాలి. నిజాం కాలంలోనే 1900 ప్రాంతంలో నిజామాబాద్ మీదుగా మన్మాడుకు ఒక మార్గం పడింది. తర్వాత కాజీపేట నుంచి పెద్దపల్లి మీదుగా బల్లార్షాకు మరొకటి వచ్చింది. ఈ రెంటి నడుమ వున్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతానికి మాత్రం ఆ శతాబ్దమంతా రైలు కూత వినపడలేదు. పెద్దపల్లి-నిజామాబాద్ మార్గానికి 1993లో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. 2001లో కరీంనగర్ వరకు, 2007లో జగిత్యాల వరకు బండి వచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా నిజామాబాద్‌తో పట్టాలు కలిసింది 2017లో. 177 కిలోమీటర్ల మార్గానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

పట్టాలైతే కలిశాయిగాని అవి పట్నానికి సూటిగా పోవు. జగిత్యాల నుంచి నిజామాబాద్, కామారెడ్డి, మేడ్చల్ మీదుగా సికిందరాబాదుకు పోతే దాదాపు 250 కిలోమీటర్లు. పెద్దపల్లి, కాజీపేటల మీదుగా పోతే ఇంకా ఎక్కువ. బస్సు రోడ్డు అంత దూరం లేదు, రెండు వందల కిలోమీటర్ల లోపే. రైలు ఛార్జీ కిలోమీటరు మీద తక్కువే అయినా కిలోమీటర్లు పెరిగినకొద్దీ ఆ తేడా తరుగుతూ వస్తుంది. పైగా ఈ మార్గంలో రోజుకు తిరిగే బండ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. బండి వేళ కుదరక రాత్రికి నిజామాబాద్‌లో ఆగిపోతే అక్కడి టీ, టిఫిన్ల ఖర్చు కూడా టిక్కెట్టులో కలుపుకోవలసిందే.

పాసు ఎవరికి

స్టేషనులో చాలామంది ముందుగా అడిగేది నెలసరి పాసు గురించి. అసలు తెలుసుకోవలసింది ఇక్కడే వుంది. సీజను టిక్కెట్టును సాధారణంగా 150 కిలోమీటర్ల దూరం వరకే ఇస్తారు. అంచేత జగిత్యాల నుంచిగాని కోరుట్ల నుంచిగాని సికిందరాబాదుకు పాసు దొరకదు. దొరికేది జగిత్యాల నుంచి కరీంనగర్‌కు, కోరుట్ల నుంచి నిజామాబాద్‌కు, కామారెడ్డి నుంచి పట్నానికి, సిద్దిపేట నుంచి పట్నానికి. ఇలాంటి దూరాలకే.

ఆ పాసు ధర కట్టే తీరు చూస్తే లాభనష్టాలు తేలికగా తెలుస్తాయి. రెండో తరగతి నెలసరి పాసు ఖరీదు సుమారుగా పదిహేనుసార్లు ఒకవైపు పోయే పాసెంజరు ఛార్జీకి సమానంగా వుంటుంది. పోను రాను కలిపి ఎనిమిది రోజులు తిరిగితే పాసు డబ్బు గిట్టుతుంది. తొమ్మిదో రోజు నుంచి ప్రయాణం ఉచితమన్నమాటే. కోరుట్ల నుంచి నిజామాబాద్‌లో ఏదో శిక్షణకు వారానికి ఆరు రోజులు పోయేవాడు మొదటి రోజే కళ్లు మూసుకుని పాసు కొనవచ్చు. వారానికి ఒక్కసారి పోయివచ్చేవాడు కొంటే నష్టమే. నెలకు నాలుగు రాకపోకలంటే ఎనిమిది టిక్కెట్లు, పాసు ధరలో సగానికి కొంచెం పైన. అయితే అతడు ఎక్కేది ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్ బండే అయితే టిక్కెట్టు ధర రెట్టింపుకు దగ్గరగా వుంటుంది గనుక లెక్క దాదాపు సమానమవుతుంది. అప్పుడు కౌంటరు ముందు ప్రతిసారీ వరుసలో నిలబడే బాధ తప్పుతుందని పాసు తీసుకున్నా తప్పులేదు.

మూడు నెలల పాసు సంగతి చాలామందికి తట్టదు. దాని ధర నెల పాసుకు మూడింతలు కాదు, 2.7 రెట్లు. ఆరు నెలలదైతే 5.4 రెట్లు, సంవత్సరానిదైతే 10.8 రెట్లు. పని రెండు నెలల పదిహేను రోజులని తెలిసినప్పుడు విడివిడిగా మూడు నెలల పాసులు కొనడం తెలివితక్కువ. రెండు నెలల మీద ఇంకో ఆరు రోజుల రాకపోకలుంటే చాలు, విడి టిక్కెట్లకంటే మూడు నెలల పాసే చవకగా పడుతుంది. కాని ఒక హెచ్చరిక. వాడటం మొదలుపెట్టిన పాసుకు మిగిలిన రోజుల డబ్బు తిరిగి రాదు. కోచింగు నచ్చక పదిహేనో రోజునే ఇంటికొచ్చే మనిషైతే, ముందు ఒక నెలకు కొనుక్కుని తన సంకల్పం ఎంత గట్టిదో చూసుకోవడం మేలు.

పాసు మరొకరికి ఇవ్వకూడదు. గుర్తింపు కార్డు వెంట వుండాలి. రిజర్వేషను బోగీ ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కదలచుకుంటే పాసు కొనేనాడే దానికి అదనపు ఛార్జీ కట్టి రాయించుకోవాలి. ఇందులో ఏది తప్పినా టిక్కెట్టు లేని ప్రయాణం కిందకే వస్తుంది. జరిమానా కనీసం 250 రూపాయలు, అసలు ఛార్జీ వేరే. నెల రోజులు కూడబెట్టిన మిగులు ఒక్క పూటలో పోతుంది.

బడిపిల్లలకు, కాలేజీ విద్యార్థులకు వేరే సౌకర్యముంది. ఇంటి నుంచి చదువుకునే చోటికి ఆడపిల్లలకు డిగ్రీ వరకు, మగపిల్లలకు పన్నెండో తరగతి వరకు రెండో తరగతి పాసు ఉచితం. పై చదువుల విద్యార్థులకు సగం ధర. అయితే గుర్తింపున్న విద్యాసంస్థ ఇచ్చిన పత్రం కావాలి. అశోక్‌నగర్ మేడమీది కోచింగు గది ఆ లెక్కలోకి రాదు. అందరికంటే ఎక్కువగా కావలసింది ఆ నిరుద్యోగికే. అతడికే లేదు.

నెలకు పాతిక రూపాయల "ఇజ్జత్" పాసు మాట కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. 2009లో అసంఘటిత కార్మికుల కోసం దీన్ని ప్రవేశపెట్టారు. నెల ఆదాయం 1,500 రూపాయలకు మించరాదని నిబంధన. నేడు ఏ మగ్గం మీద పనిచేసినా, ఏ బీడీల కార్ఖానాకు ఆకులు కత్తిరించినా నెలకు అంతకంటే తక్కువ వస్తుందని రాసి సంతకం పెట్టే అధికారి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

ఆడవారి లెక్క వేరు

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. పట్నంలోని సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు కూడా ఇదే వర్తిస్తుంది. రాష్ట్రవాసి అని తెలిపే ఆధార్ వంటి గుర్తింపు చూపితే చాలు. ఈ ఒక్క సంగతితో రైలు, బస్సుల పోలికే తలకిందులైంది. జగిత్యాల నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో పట్నం పోయే స్త్రీకి ఎంత చవక రైలు టిక్కెట్టూ దండగే. సూపర్ లగ్జరీ, డీలక్సు బస్సులకు ఇది వర్తించదని మాత్రం గుర్తుంచుకోవాలి. రాత్రిపూట అలాంటి బస్సే ముందు వచ్చి నిలబడుతుంది. తొందరలో ఎక్కితే పూర్తి టిక్కెట్టు కొట్టాల్సిందే.

భార్యాభర్తలు కలిసి పోయేటప్పుడు పోల్చవలసింది రెండు రైలు టిక్కెట్లను రెండు బస్సు టిక్కెట్లతో కాదు, ఒక్క బస్సు టిక్కెట్టుతో. లింగంపేట ఆటో కిరాయి, అవతల సికిందరాబాదులో దిగాక మళ్లీ ఆటో కిరాయి కలిపి చూస్తే చాలాసార్లు బస్సే నెగ్గుతుంది. ఒంటరిగా పోయే మగవాడికి, సామాను ఎక్కువున్నవాడికి రైలు ఇంకా లాభమే.

బండి పేరు చూడాలి

ఒకే దూరానికి ఒకే పట్టాలమీద రెండు ధరలున్నాయన్న సంగతి కొత్తవారికి తెలియదు. పాసెంజరు బండిలో కనీస ఛార్జీ పది రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో ముప్పై. కరోనా తర్వాత పాసెంజరు బండ్లన్నిటికీ "స్పెషల్" అని పేరు మార్చి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వసూలు చేశారు. పక్క స్టేషనుకు పోయే రైతు కూడా ముప్పై రూపాయలు కట్టాడు. 2024 ఫిబ్రవరిలో పాత పది రూపాయల ఛార్జీ మళ్లీ వచ్చింది. అప్పట్లో రైలు మానేసి బస్సుకు అలవాటుపడినవారిలో కొందరికి ఆ సంగతే తెలియలేదు. కౌంటరులో ఊరి పేరు ఒక్కటే చెప్పక, ఎక్కబోయే బండి కూడా చెప్పి టిక్కెట్టు అడగాలి. పాసెంజరు టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జరిమానా, ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టుతో పాసెంజరు ఎక్కితే డబ్బు దండగ. సూపర్‌ఫాస్ట్ అయితే రెండో తరగతికి ఇంకో 15 రూపాయలు, స్లీపరుకు 30 రూపాయలు అదనం.

కోరుట్ల నుంచి నిజామాబాద్ దాకా పాసెంజరులోను, అక్కడి నుంచి పట్నానికి ఎక్స్‌ప్రెస్‌లోను పోయేవారు ఒకే టిక్కెట్టు తీసుకోవాలా, రెండా? దూరం పెరిగినకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది గనుక మామూలుగా ఒకే టిక్కెట్టు లాభం. పైగా ప్రతి టిక్కెట్టునూ పై ఐదు రూపాయలకు సవరిస్తారు, రెండు టిక్కెట్లయితే ఆ సవరింపు రెండుసార్లు పడుతుంది. కాని మొదటి సగం పాసెంజరు ధరకు వచ్చేటప్పుడు విడిగా కొనడంలో ఒక్కోసారి పదో పరకో మిగలవచ్చు. మొదటిసారి రెండు విధాలా అడిగి చూస్తే మిగతా మూడు నెలలూ ఆ సందేహం వుండదు.

రెండు వందల కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి రిజర్వేషను లేని టిక్కెట్టును మూడు రోజుల ముందు కూడా ఇస్తారు. దానికి లోపైతే కొన్న మూడు గంటల్లోగానీ, ఆ తర్వాత వచ్చే మొదటి బండికిగానీ ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున కొని సాయంత్రం ఎక్కుదామంటే చెల్లదు. సెల్‌ఫోనులో కొన్న కాగితం లేని టిక్కెట్టును రద్దు చేసుకోవడం కుదరదు. కౌంటరులో కొన్నదైనా రద్దు చేస్తే 30 రూపాయలు కోత. చిన్న టిక్కెట్టుకు ఇక మిగిలేదేమీ లేదు.

కూర్చునే చోటు ఖాయంగా కావాలనుకునేవారు స్లీపరు దాకా పోనక్కరలేదు. రెండో తరగతిలో కూర్చునే రిజర్వేషనున్న బండి అయితే 15 రూపాయల రిజర్వేషను ఛార్జీతో సీటు దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో తీసుకుంటే ఏసీ కాని తరగతులకు టిక్కెట్టుకు 15 రూపాయలు, యూపీఐతో కడితే 10 రూపాయలు, పన్ను అదనంగా పడుతుంది. కౌంటరులో అది లేదు. తత్కాల్‌లో స్లీపరు తీసుకుంటే వంద నుంచి రెండు వందల రూపాయలదాకా పైన వేస్తారు. పని ఏ తేదీల్లో వుందో తెలిసినవారు తత్కాల్ దాకా రానివ్వకూడదు. 2024 నవంబరు నుంచి రిజర్వేషను ముందస్తు గడువు 60 రోజులు. రెండు నెలల చికిత్సకు, మూడు నెలల శిక్షణకు అది చాలినంత గడువే.

రోగులకున్న రాయితీ

ఈ వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే సంగతి ఇది. ఎవరూ అడగనిది కూడా ఇదే. 2020 మార్చిలో వృద్ధుల రాయితీని ఆపివేసినప్పుడు రాయితీలన్నీ పోయాయని జనం అనుకున్నారు. రోగులవి, వికలాంగులవి, విద్యార్థులవి కొన్ని నిలిచే వున్నాయి.

కాన్సరు రోగి చికిత్సకు పోయివచ్చేటప్పుడు రెండో తరగతి మూల ఛార్జీలో నూటికి 75 తగ్గిస్తారు. స్లీపరులోను, ఏసీ త్రీటైరులోను మూల ఛార్జీ పూర్తిగా మాఫీ. తోడు వచ్చే ఒక మనిషికి 75 శాతం తగ్గింపు. అంటే రోగికి బల్ల మీద కూర్చునే తరగతిలో పావు ఛార్జీ పడితే, పడుకుని పోయే తరగతిలో మూల ఛార్జీయే లేదు. ఈ విచిత్రం తెలియక నడుము నిలవని మనిషిని జనరల్ బోగీలో తోసుకుంటూ ఎక్కించేవారున్నారు. గుండె శస్త్రచికిత్సకు, మూత్రపిండాల మార్పిడికి లేక డయాలిసిస్‌కు పోయేవారికి, క్షయ, తలసీమియా రోగులకు కూడా 75 శాతం దాకా తగ్గింపు వుంది.

దీనికి కావలసింది నిర్ణీత నమూనాలో ఆసుపత్రివారు రాసి, సంతకం చేసి, ముద్ర వేసిన పత్రం. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికిగాని, పంజాగుట్ట నిమ్స్‌కుగాని పోయేవారు మొదటిసారి డాక్టరును చూసిన రోజే ఆ పత్రం అడగాలి. రెండోసారి అడుగుదామనుకుంటే రెండో ప్రయాణం పూర్తి ధరకే అయిపోతుంది. టిక్కెట్టు మాత్రం కౌంటరులోనే తీసుకోవాలి, సెల్‌ఫోనులో ఈ రాయితీ రాదు. రేడియేషను చికిత్స ఒక్కోసారి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. అన్నాళ్లు రోజూ జగిత్యాల నుంచి తిరగడం ఎవరివల్లా కాదు. పట్నంలోనే ఎక్కడో తలదాచుకుని, వారాంతంలో ఇల్లు చూసిరావడమే దారి.

పట్నం లోపల

తలదాచుకునే చోటు ఎంచుకోవడంలో కూడా రైలు లెక్క వుంది. లోకల్ ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003 నుంచి నడుస్తున్నాయి. మొదటి ఛార్జీ ఐదు రూపాయలు. లక్డీకాపూల్, ఖైరతాబాద్, బేగంపేట స్టేషన్లు ఆసుపత్రులకు దగ్గర. నిజామాబాద్ వైపు నుంచి వచ్చే పట్టాలమీదనే వున్న మేడ్చల్, బొల్లారంలకు కూడా 2023 ఏప్రిల్‌లో ఈ బండ్లు మొదలయ్యాయి. ఊరి నడుమ గది అద్దె భరించలేనివారు మేడ్చల్ వైపు ఒక గది చూసుకుని నెల పాసు తీసుకోవచ్చు. ఒక చిక్కుంది. ఆ మార్గంలో బండ్లు తక్కువ. పొద్దుటి బండి తప్పితే చికిత్స వేళ, తరగతి వేళ దాటిపోతుంది. గదికి బయానా ఇచ్చే ముందు ఒక పూట స్టేషనులో నిలబడి, బండి నిజంగా ఎన్ని గంటలకు వస్తోందో కళ్లారా చూసుకోవాలి. గోడమీది టైంటేబిలు చూసి గది తీసుకోకూడదు.

సిరిసిల్లవాసి బాధ

ఇంతవరకు చెప్పిన రైలు సిరిసిల్లకు లేదు. మనోహరాబాద్ నుంచి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్లల మీదుగా కరీంనగర్ పక్క కొత్తపల్లికి వేసే 151 కిలోమీటర్ల మార్గానికి 2016 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికిందరాబాదుకు మొదటి బండి కదిలింది. సిద్దిపేటకు ఇవతల పట్టాల పని సాగుతూనే వుంది.

అంతవరకు సిరిసిల్ల మనిషికి మూడు దారులు. కరీంనగర్ పోయి రైలు పట్టుకోవడం పట్నానికి వీపు తిప్పి నడవడం వంటిది. కామారెడ్డికి బస్సులో పోతే అక్కడ బండ్లు ఎక్కువ, కాని ఆ బస్సు ప్రయాణమే యాభై కిలోమీటర్ల పైన. సిద్దిపేట దగ్గర, అక్కడినుంచి పట్నానికి రైలు దూరం నూటపది కిలోమీటర్ల పైచిలుకు. 150కి లోపలే గనుక పాసు దొరుకుతుంది. మూడు నెలలపాటు వారానికి నాలుగైదు రోజులు పట్నంలో పని వుండి, రాత్రికి ఇంటికి చేరక తప్పని మగవాడికి కాగితం మీద ఇంతకంటే చవక ఇంకోటి లేదు. సిరిసిల్ల నుంచి సిద్దిపేటకు ఆర్టీసీ బస్సు ఛార్జీ, ఆపైన మూడు నెలల రైలు పాసు.

కాగితం మీద అనడం ఎందుకంటే, సిద్దిపేట బండ్లు ఆర్టీసీ బస్సుల్లా అరగంటకొకటి లేవు. సిరిసిల్లలో చీకటితో లేచి బస్సెక్కినవాడు సిద్దిపేటలో దిగేసరికి బండి పోయివుంటే, తరువాతి బండికి కూర్చునే తీరిక అతడికి వుండదు. అక్కడి బస్టాండులోనే పట్నం బస్సుకు పూర్తి టిక్కెట్టు తీసుకుంటాడు. ఆ రోజుకు పాసు జేబులోనే వుంటుంది.